కృష్ణా డెల్టా ఎండలూ, ఎలక్ట్రిక్ కారు కూలెంటూ: రవాణా శాఖ కమిషనర్ గారికి

కూచిపూడి, కృష్ణా జిల్లా

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,

ఎలక్ట్రిక్ కారు కొనబోయేవాళ్ళకు అందరూ చెప్పే మాట ఒకటుంది. ఇంజినాయిల్ లేదు, ఫిల్టర్లు లేవు, క్లచ్ ప్లేట్లు లేవు, ఖర్చంటూ ఉంటే టైర్లకే అని. ఆ మాటలో అబద్ధం లేదు. చెప్పకుండా వదిలేసిన సంగతి మాత్రం ఉంది. నేడు మన రోడ్ల మీద తిరుగుతున్న ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి బ్యాటరీని చల్లగా ఉంచడానికి ఒక పంపు, రబ్బరు గొట్టాలు, ఒక రేడియేటరు, వాటిలో తిరిగే కూలెంటు ఉన్నాయి. ఇవి కారతాయి, మూసుకుపోతాయి, తుప్పు పడతాయి. పెట్రోలు కారులో రేడియేటరు ఎండిపోతే బానెట్ కింద నుంచి ఆవిరి లేచి రోడ్డు మీదే తన కష్టం చెప్పుకుంటుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ గోల ఉండదు. కారు ధరలో మూడో వంతు దాకా ఉండే బ్యాటరీ ఆయుష్షు నెలల తరబడి సద్దులేకుండా తరిగిపోతుంది, అంతే. అందుకే మీకు నా మనవి ఇది. టాక్సీలకు ఫిట్‌నెస్ పరీక్ష జరిగేటప్పుడూ, సొంత కార్లు చేతులు మారేటప్పుడూ, బ్యాటరీ చల్లదనానికి సంబంధించిన ఈ వ్యవస్థను చూసి, చూసిన సంగతిని కాగితం మీద పెట్టించండి. రాష్ట్రమంతటికీ అవసరమైన పనే అయినా, బెజవాడ నుంచి బందరు దాకా ఉన్న ఈ నేలకు మరీ ఎక్కువ అవసరం. ఎందుకో వివరిస్తాను.

బ్యాటరీలోని లిథియం అయాన్ సెల్‌కు మనిషికి హాయిగా ఉండే వాతావరణమే హాయి. 15 నుంచి 35 డిగ్రీల మధ్య అది బాగా పనిచేస్తుంది, ఎక్కువ కాలం బతుకుతుంది. అంతకు మించి వేడెక్కిన కొద్దీ లోపలి ఎలక్ట్రోడ్ మీద ఉండే సన్నని పొర మందమవుతూ, కొంత లిథియాన్ని తనలోకి లాగేసుకుంటుంది. అలా చిక్కుకుపోయిన లిథియం మళ్ళీ ఛార్జి మోయదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి క్షయం దాదాపు రెట్టింపు వేగంతో సాగుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. ఇక వేడి బయటి ఎండ నుంచే రానక్కరలేదు. ఛార్జింగ్ కరెంటు రెట్టింపైతే సెల్ లోపల పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. యాభై కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పెట్టిన కారులో నూటికి నాలుగు పాళ్ళే వేడిగా మారినా అది రెండు కిలోవాట్లు. సీటు కింద రెండు ఇస్త్రీపెట్టెలు ఏకధాటిగా కాలుతున్నట్టు లెక్క. ఆ వేడిని లాగేసేది సెల్స్‌ను ఆనుకుని ఉన్న అల్యూమినియం ప్లేట్లు, వాటిలో ప్రవహించే గ్లైకాల్ కలిపిన నీరు. ఆ ద్రవం వేడిని మోసుకొచ్చి కారు ముందున్న రేడియేటరులో వదులుతుంది. బయటి గాలే 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఏ రేడియేటరూ దాన్ని అంతకంటే కిందికి దించలేదు కాబట్టి, కారు ఏసీ గ్యాసుతోనే నడిచే చిల్లర్ రంగంలోకి దిగుతుంది. అంటే మే నెలలో బ్యాటరీని కాపాడుతున్నది ప్రధానంగా ఏసీ కంప్రెసరే.

మన డెల్టా ప్రత్యేకత ఇక్కడే బయటపడుతుంది. అనంతపురంలో ఎండ ఎక్కువే గానీ అది పొడి ఎండ. ఇక్కడ కాలువలు, చెరువులు, చేపల గుంటలు, పక్కనే సముద్రం. రోహిణి కార్తెలో ఉక్కపోత గురించి బెజవాడ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. తేమ గాలిని చల్లబరచాలంటే అందులోని నీటి ఆవిరిని నీరుగా మార్చడానికే కంప్రెసరు శక్తిలో చాలా భాగం ఖర్చయిపోతుంది. చాలా కార్లలో మనుషులు కూర్చునే చోటుకూ, బ్యాటరీ చిల్లర్‌కూ కంప్రెసరు ఒకటే. నలుగురు ప్రయాణికులు ఏసీ పెంచమంటారు. అదే సమయంలో ఫాస్ట్ ఛార్జింగ్ ముగించుకుని వచ్చిన బ్యాటరీ తన వాటా అడుగుతుంది. అన్నీ సవ్యంగా ఉన్న కొత్త కారు ఈ రెండు అవసరాలనూ తీర్చగలదు. ముందున్న ఏసీ కండెన్సర్ రెక్కల్లో సగం దుమ్ముతో పూడిపోయిన కారు తీర్చలేదు. పూడటానికి కారణాలు వెతకనక్కరలేదు. కోతల కాలంలో పామర్రు, మొవ్వ, చల్లపల్లి చుట్టుపక్కల రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, ఊకా పొట్టూ గాలిలో తేలుతూ ఉంటాయి. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి ముందువైపు గ్రిల్ మూసేసి, గాలి పీల్చే సందును కింద, రోడ్డుకు దగ్గరగా పెడతారు. ఆ సందులోకి వెళ్ళిన పొట్టు రేడియేటరు ముందు చాపలా పరుచుకుంటుంది. బందరు, మంగినపూడి వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి తోడవుతుంది, అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలతాయి. పొట్టు నిజానికి నీళ్ళ పైపుతో మెల్లగా కడిగితే పోయేదే. సర్వీస్ పుస్తకంలోని కాలపట్టిక మాత్రం ఊక ఎగిరే రోడ్డునూ, ఊక ఎగరని రోడ్డునూ వేరుగా చూడదు.

అసలు ప్రమాదం నీటిలో ఉంది. ఇంజిన్ కార్లతో మనకు అబ్బిన అలవాటు ఏమిటంటే, రేడియేటరులో నీళ్ళు తగ్గితే దగ్గరున్న బోరు నీళ్ళో, కాలవ నీళ్ళో పోసి సాగిపోవడం. పాత ఇనుప ఇంజిన్లు ఆ నిర్లక్ష్యాన్ని కొంతకాలం భరించేవి. బ్యాటరీ కింది సన్నని అల్యూమినియం ప్లేట్లు భరించలేవు. తీరానికి దగ్గరగా ఉన్న మండలాల్లో భూగర్భజలం ఉప్పదనం సంగతి ప్రతి రైతుకూ తెలుసు. ఆ ఉప్పులోని క్లోరైడు అల్యూమినియానికి చిన్నచిన్న గుంటలు పెట్టి చిల్లులు పొడుస్తుంది. కూలెంటులో గ్లైకాల్ కలిపేది మంచు దేశాల్లో గడ్డ కట్టకుండా ఉండటానికి మాత్రమేనని, మనకు దానితో పని లేదని అనుకునేవాళ్ళున్నారు. మన వాతావరణంలో దాని అసలు విలువ అందులో కలిపే తుప్పు నిరోధక రసాయనాలది. అవి కాలం గడిచే కొద్దీ ఖర్చయిపోతాయి కాబట్టే కూలెంటును మార్చాలి. రంగు ఒకటే కదా అని రెండు కంపెనీల కూలెంట్లను కలిపితే, ఆ రసాయనాలు పడక జిగురు కట్టి సన్నని దారులు మూసుకుపోవచ్చు. కొన్ని కార్లకు విద్యుత్తును చాలా తక్కువగా ప్రవహింపజేసే ప్రత్యేక కూలెంటునే కంపెనీలు నిర్దేశించాయి. ప్లేటు కారి ద్రవం బ్యాటరీ పెట్టెలోకి చేరినా వందల వోల్టుల కరెంటు దారి తప్పకూడదనేది అక్కడి ఉద్దేశం. అందులో ఒక్క లీటరు బోరు నీళ్ళు కలిస్తే ఆ రక్షణ పోయినట్టే. కారిన కూలెంటును తిరిగి నింపడం కూడా మూత తీసి పోసినంత సులువు కాదు. లోపల గాలి బుడగ నిలిచిపోతే బ్యాటరీ ప్యాక్‌లో ఒక మూల ద్రవం అందక ఆ భాగం వేడెక్కుతుంది. సెల్స్ మధ్య తేడా అయిదు డిగ్రీలు మించకూడదని ఇంజినీర్లు సాధారణంగా లక్ష్యంగా పెట్టుకుంటారు. మించితే వేడి మూలలోని సెల్స్ ముందే ముసలివవుతాయి, వరుసలో ఉన్న అన్ని సెల్స్‌లోకీ బలహీనమైన దాన్నిబట్టే మొత్తం ప్యాక్ పని చేస్తుంది. పంపును స్కానర్‌తో నడిపించి గాలి తీయాలని తెలిసిన మెకానిక్ మన మండల కేంద్రాల్లో దొరకడం కష్టం.

వేడి వల్ల ఇంత నష్టం జరుగుతుందనడానికి దాఖలా కావాలంటే అమెరికాలో ఉంది. నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారు అక్కడ 2010 చివర్లో వచ్చింది. దాని బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. రెండేళ్ళు తిరగకముందే, 2012 వేసవిలో, ఎడారి ఎండలు కాసే అరిజోనాలోని ఫీనిక్స్ నగర కార్ల యజమానులు డాష్‌బోర్డు మీది సామర్థ్యపు గీతలు ఒక్కొక్కటే పోతున్నాయని మొత్తుకున్నారు. అదే కారు చల్లటి ప్రాంతాల్లో అంత త్వరగా క్షీణించలేదు. ఆ వివాదం తర్వాతే ఆ కంపెనీ అయిదేళ్ళు లేదా 60 వేల మైళ్ళలోగా 12 గీతల్లో 9 కంటే తగ్గితే చూసుకుంటామని హామీ ఇచ్చింది, తర్వాత వేడికి మెరుగ్గా తట్టుకునే సెల్స్ తెచ్చింది. ఈ ఉదాహరణ నా వాదానికి పూర్తిగా సరిపోదని ఒప్పుకోవాలి. అక్కడ శీతలీకరణే లేదు, ఇక్కడ ఉంది. కానీ పంపు ఆగిన కారు, కండెన్సర్ పూడిన కారు, కూలెంటు సగమైన కారు నడిచే తీరు ఏమిటి? ద్రవ శీతలీకరణకు డబ్బు పెట్టి కొని, దాన్ని చూసుకోకపోవడం వల్ల శీతలీకరణ లేని కారుగా మార్చుకోవడమే. ఫీనిక్స్ కార్లకు కంపెనీ పెట్టని శీతలీకరణను మన దగ్గర నిర్లక్ష్యం పోగొడుతుంది, ఫలితం ఒకటే.

మన దేశంలో చట్టం నిద్రపోలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ప్రాణం పోయింది. అదే నెలలో నిజామాబాద్‌లో మరో ప్రమాదం. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. కేంద్రం హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ అప్పటి డైరెక్టర్ టాటా నర్సింగరావు గారి అధ్యక్షతన నిపుణుల సంఘం వేసి, స్కూటర్లకు ఏఐఎస్ 156, కార్లకు బస్సులకు ఏఐఎస్ 038 ప్రమాణాలను కఠినం చేసింది. అవి 2022 డిసెంబరు 1న, 2023 మార్చి 31న రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. మంచి పని. అయితే ఆ పరీక్షలన్నీ బండి అమ్మకానికి రాకముందే జరిగేవి. బండి షోరూమ్ గేటు దాటాక ఆ ప్రమాణానికి తగినట్టే ఉందా అని అడిగేవాళ్ళు లేరు. పొల్యూషన్ సర్టిఫికెట్ నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు మినహాయింపు ఉంది, పొగ గొట్టమే లేనప్పుడు అది సబబే. దాని పర్యవసానం మాత్రం ఆలోచించదగ్గది. సొంత ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్ అయిన రోజు తర్వాత మళ్ళీ పదిహేనేళ్ళ దాకా దాని సాంకేతిక స్థితిని చూడటానికి ప్రభుత్వానికి సందర్భమే రాదు. టాక్సీలు ఎనిమిదేళ్ళ లోపు రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కు రావలసిందే. బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ చూస్తారు. కూలెంటు ఎప్పుడు మార్చారు, ఏది పోశారు అన్న ప్రశ్న అక్కడ వినపడదు.

కంపెనీ వారంటీ ఉండగా ఇదంతా ఎందుకంటారేమో. బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు అన్న హామీ ఎలక్ట్రిక్ కార్లకు మామూలైంది. అందులో రెండోభాగం మీద ఒకసారి లెక్క వేయండి. విజయవాడ నుంచి బందరు, గుడివాడ, అవనిగడ్డ దారుల్లో తిరిగే టాక్సీ రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే 60,000 కిలోమీటర్లు. మూడేళ్ళు నిండకుండానే వారంటీ దాటిపోతుంది. ఎనిమిదేళ్ళన్న అంకె సొంత కారు వాళ్ళ ఊరట మాత్రమే. ఆ లోపల క్లెయిమ్ చేసినా, నిర్దేశించిన కూలెంటు కాక మరొకటి పోసినట్టు తేలితే కంపెనీ తిరస్కరించడానికి తగిన కారణం దొరుకుతుంది. సర్వీసు రికార్డు లేని రెండో యజమాని ఎక్కడ నిలబడతాడు? ప్రభుత్వం చేయించే నమోదు అతని చేతిలో సాక్ష్యమవుతుంది. నిజం చెప్పాలంటే కంపెనీలకూ అది మేలే, నిర్లక్ష్యం చేసినవాడిని, చేయనివాడిని వేరుచేయగలుగుతాయి.

కారులోని కంప్యూటరే అన్నీ చూసుకుంటుంది కదా అనేది మరో అభ్యంతరం, ఇది బలమైనదే. బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రతి క్షణం ఉష్ణోగ్రత కొలుస్తుంది, హద్దు మీరితే ఛార్జింగ్ వేగం తగ్గిస్తుంది, అవసరమైతే బండిని ఆపుతుంది. ప్రాణాపాయం నుంచి అది కాపాడుతుందని నేనూ నమ్ముతాను. కానీ దాని పని హద్దు దగ్గర మొదలవుతుంది. 35 డిగ్రీల దగ్గర ఉండవలసిన ప్యాక్ రోజూ 45 దగ్గర నడుస్తుంటే అది హద్దు లోపలే, హెచ్చరిక రాదు. పైగా కంప్యూటరు వేగం తగ్గించి సర్దుకుపోవడం వల్లే యజమానికి జబ్బు కనిపించకుండా పోతుంది. వేసవిలో ఛార్జింగ్ నెమ్మదించిందంటే డ్రైవరు స్టేషన్ వాడిని తిడతాడు, రేంజ్ తగ్గిందంటే ఏసీ మీద నెపం పెడతాడు. లోపల నమోదైన ఉష్ణోగ్రతల చరిత్ర మాత్రం అబద్ధం చెప్పదు. దాన్ని బయటకు తీసి చదివే మనిషి కావాలి.

నేను భయపెడుతున్నానని అనుకోకండి. ఎలక్ట్రిక్ కార్లు పెట్రోలు కార్ల కంటే తక్కువగానే తగలబడుతున్నాయని ఇతర దేశాల అనుభవం. సూర్యారావుపేట ప్రమాదం స్కూటర్ బ్యాటరీది, ద్రవంతో చల్లబరిచే కారుది కాదు. నా వాదన మంటల గురించి కానే కాదు, డబ్బు గురించి. అప్పు చేసి కారు కొన్న డ్రైవరుకు నాలుగో ఏడాదిలో బ్యాటరీ ముప్పై శాతం పోవడమంటే వాయిదాలు తీరకముందే బండి విలువ పోవడం. కొత్త కార్లలో వాడే ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వేడికి ఎక్కువ ఓర్చుకుంటాయన్నదీ నిజమే. అవి అంత సులువుగా అంటుకోవు. కానీ ముసలితనం వాటికీ వేడితోనే వస్తుంది.

ఇది కేంద్రం చేతిలోని విషయమని మీ కార్యాలయం అనవచ్చు. ఫిట్‌నెస్ నియమాలు కేంద్ర మోటారు వాహన నియమాల్లోవే. అయినా పరీక్షలో తప్పనిసరి ప్రశ్నగా కాకపోయినా, సలహాగా ఒక కాగితం ఇవ్వడానికి ఏ నియమమూ అడ్డురాదు. కేంద్రానికి ప్రతిపాదన పంపే చొరవ కూడా రాష్ట్రాలదే. దారి మనమే తొలిసారి వేయనక్కరలేదు. చైనా 2025 మార్చి 1 నుంచి ఎలక్ట్రిక్ వాహనాల తనిఖీకి ప్రత్యేక ప్రమాణం తెచ్చి, బ్యాటరీ ఉష్ణోగ్రతను, విద్యుత్ భద్రతను అందులో చేర్చింది. యూరప్ 2027 ఫిబ్రవరి నుంచి కార్ల బ్యాటరీలకు పాస్‌పోర్టు అడుగుతోంది. బండి ఎన్ని చేతులు మారినా బ్యాటరీ చరిత్ర వెంట వెళ్ళాలన్నది అక్కడి ఉద్దేశం. మనకు బుడమేరు వాగు వరద ఆ అవసరాన్ని ముందే చూపించింది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్‌లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. బ్యాటరీ పెట్టెలకు ఉండే ఐపీ 67 గుర్తు ఒక మీటరు లోతులో అరగంట మునకకు ఇచ్చే హామీ మాత్రమే. అలా రోజులు మునిగిన బండి కడిగి మెరుగుపెట్టి పొరుగు జిల్లాలో అమ్మితే, కొన్నవాడికి చెప్పే కాగితం ఏది?

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటుంది. మరో చెకింగ్, మరో సర్టిఫికెట్, మరో లంచం అని జనం అంటారు. పొల్యూషన్ సర్టిఫికెట్ల అనుభవం ఉన్నవాళ్ళు ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. అందుకే కొత్త ఫీజు వద్దు, కొత్త కేంద్రాలు వద్దు, పాస్, ఫెయిల్ కూడా మొదట్లో వద్దు. కూలెంటు మట్టం, రకం, మార్చిన తేదీ, కింద గొట్టాల దగ్గర కారిన గుర్తులు, బ్యాటరీ పెట్టె అడుగున రాళ్ళ దెబ్బలు, కండెన్సర్ శుభ్రత, స్కానర్‌లో నమోదై ఉన్న తప్పు సంకేతాలు. ఇవి చూసి రాయడానికి పావుగంట చాలు. బండి నంబరుతో ఉన్న ఫలితం యజమానికి మాత్రమే చేరాలి, బండి అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించాలి. అడ్డదారికి ఆశ పుట్టేది బండిని ఆపగల అధికారం ఉన్నచోట. చెప్పడం మాత్రమే పనైన చోట ఆ ఆశ బాగా సన్నబడుతుంది. రెండేళ్ళ తర్వాత కాగితాలు నిజాయితీగా ఉన్నాయని తేలితే అప్పుడు తప్పనిసరి చేసే సంగతి ఆలోచించవచ్చు.

చూసేవాళ్ళెవరన్నదే మిగిలింది. పనివాళ్ళు మనకు కొదవ కాదు. బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో రేడియేటర్లు, ఏసీలు బాగుచేసే చేతులు ఎన్ని ఉన్నాయో మీ శాఖకు బాగా తెలుసు. పెట్రోలు బండ్లు తగ్గే కొద్దీ ఆ పని తగ్గుతుందన్న దిగులూ వాళ్ళలో ఉంది. ఐటీఐల ద్వారా వాళ్ళకు హై వోల్టేజి జాగ్రత్తలు, గాలి తీసే పద్ధతి, కూలెంట్ల తేడాలు నేర్పిస్తే, కంపెనీ సర్వీస్ సెంటర్ కోసం చల్లపల్లి నుంచి, అవనిగడ్డ నుంచి విజయవాడ దాకా రానక్కరలేని రోజు వస్తుంది. దీనికి కంపెనీలు తమ సర్వీస్ సమాచారాన్ని, స్కానర్ అనుమతులను ఇవ్వాలి. ఆ షరతును రాష్ట్రం ఎలక్ట్రిక్ వాహనాలకు ఇచ్చే రాయితీలకు ముడిపెట్టే వీలుంది. ఎలక్ట్రిక్ బస్సుల కోసం ఆర్టీసీ పిలిచే టెండర్లలో బ్యాటరీ ఉష్ణోగ్రతల రికార్డు ప్రతి నెలా డిపోకు ఇవ్వాలన్న నిబంధన పెట్టడానికి కూడా ఎవరి అనుమతీ అక్కరలేదు. తిరుమల కొండెక్కే ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి తిరుగుతున్నాయి. నిలువు ఎక్కుడులో, ఎండలో ఆ బ్యాటరీలు ఎలా నడిచాయో చెప్పే అంకెలు బహిరంగంగా పెడితే ఈ ఉత్తరంలోని వాదనలో ఏది నిలుస్తుందో, ఏది వీగిపోతుందో అందరికీ తేలుతుంది.

కోరేది పెద్ద మార్పేమీ కాదు. వచ్చే మార్చి నుంచి కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో ఫిట్‌నెస్‌కు వచ్చే ఎలక్ట్రిక్ టాక్సీలతో ఈ పావుగంట తనిఖీ మొదలుపెట్టించండి. ఎండలు ముదరకముందే మొదలైతే మే నెలలో ఏ బండి ఎలా నడిచిందో పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. ఆ ఫలితాలను మీ శాఖ వెబ్‌సైటులో, బండి నంబర్లు తీసేసి, తెలుగులో పెట్టించండి.

ఇట్లు,
కూచిపూడి నుంచి ఒక పౌరుడు